మెలాసీ తోమిన నేల

మెలాసీ మోకాళ్ల మీద కాయలు కాసి ఇరవై ఏళ్లు దాటింది. ప్రార్థనల వల్ల కాసినవి కావు, సోరెల్ దిబ్బ మీద అంత భక్తి ఎవరికీ లేదు. అందరూ ముస్యే, అంటే అయ్యగారు, అని పిలిచే ఒక్తావ్ ఇంటి చెక్కనేల తోమి తోమి కాసినవి.

ప్రతి శనివారం పొద్దున్నే ఆమె పాత ఇటుకలు దంచి, ఆ పొడి తడినేల మీద చల్లి, మోకాళ్ల మీద కూర్చుని పీచుతో రుద్దేది. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి వెనక వంటగది దాకా. తడి ఆరేసరికి సైప్రస్ పలకలు కాల్చిన రొట్టె రంగులో మెరిసేవి. దిబ్బ మీద ఆడవాళ్లందరూ ఇటుకపొడితోనే తోముకునేవాళ్లు గానీ ఒక్తావ్ ఇంటి నేల సంగతి వేరు. చేవదేరిన కలప. పలకకీ పలకకీ మధ్య గోరు దూరదు. ఎండురొయ్యల బేరానికి న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చే పెద్దమనుషులు గుమ్మంలో ఆగి, బూట్లు విప్పాలా అని అడిగేవాళ్లు. ఒక్తావ్ నవ్వి, "ఫర్వాలేదు రండి, మెలాసీ ఉందిగా" అనేవాడు.

తోముతూ తోముతూ ఆమె చేతులకు ఆ నేల అడుగున ఏముందో కూడా తెలిసిపోయింది. పీచు కింద చెక్క గట్టిగా పలికితే అడుగున దూలం ఉన్నట్టు. డొల్లగా పలికితే కింద ఏమీ లేనట్టు. వంటగది గుమ్మానికి మూడడుగుల ఇవతల ఒక పలక అన్నిటికంటే డొల్లగా పలికేది. దాని దగ్గరికొచ్చేసరికి మెలాసీ చెయ్యి నెమ్మదించేది. చూసేవాళ్లు అలసిపోయిందనుకునేవాళ్లు.

లూసియానా తీరంలో సముద్రానికీ చిత్తడి నేలకీ మధ్య సన్నగా సాగిన ఇసుక మెరక సోరెల్ దిబ్బ. పైన ఓక్ చెట్లు, వాటి నీడన ఇటుక దిమ్మల మీద నిలబెట్టిన చెక్క ఇళ్లు. పెద్ద గాలివాన వస్తే సముద్రం దిబ్బ ఎక్కుతుంది. నీళ్లు నేలపలకల్ని అందుకున్నాయంటే ఇల్లు పడవైపోతుంది. దిమ్మల మీంచి లేచి, చెట్లకు కొట్టుకుని పగిలిపోతుంది. అందుకే నీళ్లు అందకముందే గొడ్డలితో నేలకు కన్నం కొట్టాలి. అప్పుడు నీళ్లు లోపలికొస్తాయి, పరుపులు తడుస్తాయి, పిండీ బియ్యమూ పోతాయి. ఇల్లు మాత్రం బరువెక్కి ఉన్నచోటే కూర్చుంటుంది.

ఆగస్టు పదిహేనున, మరియమ్మ మోక్షారోపణ పండుగనాడు, ఫాదర్ పడవల మీద దీవించిన నీళ్లు చల్లి వెళ్లాక ప్రతి ఇంటాయనా గొడ్డలికి పదునుపెట్టి గుమ్మం మీద తగిలించేవాడు. నవంబరు ఒకటిన, సకల పునీతుల పండుగకు సమాధులకు సున్నం కొట్టే రోజున, దించేవాడు. ఈ మధ్యలో ఎప్పుడు అవసరం పడినా, మొదటి దెబ్బ మాత్రం ఇంటాయన మాట లేకుండా పడకూడదు. ఎప్పుడో తాతల నాడు, తలదాచుకోవడానికి వచ్చిన చుట్టాలు భయపడి ఒకరింటి నేల నరికేశారట. తీరా నీళ్లు వాకిట్లోనే ఆగి వెనక్కి వెళ్లిపోయాయట. రెండు కుటుంబాల మధ్యా మూడు తరాలు మాటల్లేవు. అప్పటినుంచీ అది కట్టుబాటు. దిబ్బ మీద తమ పెళ్లాన్ని తిట్టినవాణ్ణయినా క్షమిస్తారు, నేల నరికినవాణ్ణి క్షమించరు.

ఆ కట్టుబాటే ద్రోజాన్‌ను చంపింది. కట్టుబాటూ, ఒక్తావూ కలిసి.

1893 అక్టోబరు మొదటి ఆదివారం. అప్పటికి మెలాసీకి ఇరవై ఎనిమిదేళ్లు. మొగుడు ద్రోజాన్ వలలు వేసేవాడు. చేప పడని రోజు కూడా పాడుకుంటూ ఇల్లు చేరేవాడు. ఆరేళ్ల కూతురు ఉర్సిన్. చంటివాడికి పేరుండేది గానీ అందరికీ వాడు బుడ్డోడే. గాలి ముదిరేసరికి సాయంత్రమైంది. వాళ్ల గుడిసె పల్లంలో ఉంది కనుక పిల్లల్ని ఎత్తుకుని, దిబ్బ మీద ఎత్తుగా ఉన్న ఒక్తావ్ ఇంటికి వెళ్లారు. అక్కడ అప్పటికే ఇంకో ఎనిమిది మంది ఉన్నారు. ఇంటాయనతో కలిపి పదమూడు.

నీళ్లు రెండో మెట్టు మీద ఉన్నప్పుడే ద్రోజాన్ గొడ్డలి దించాడు.

"ముస్యే, కొట్టనా?"

"ఆగవయ్యా. గాలి తిరుగుతుంది, నీళ్లు దిగుతాయి."

మూడో మెట్టు మునిగింది.

"ముస్యే, మాట చెప్పండి."

"ఈ నేల వేయించి ఆరు వారాలు కాలేదు. ఆగమంటే అర్థం కాదూ?"

నాలుగో మెట్టు కూడా మునిగాక ద్రోజాన్ మళ్లీ అడిగాడు. ఈసారి ఒక్తావ్ వెళ్లి, నరకాల్సిన పలక మీదే నిలబడ్డాడు. "కొట్టు చూద్దాం, నా కాళ్ల మీద కొడతావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ద్రోజాన్ మంచివాడు. గొడ్డలి భుజానికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. పక్కనే ఉర్సిన్ అతని పంట్లాం పట్టుకుని ఉంది.

ఇల్లు లేచినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. అది మెలాసీకి బాగా గుర్తు. కాళ్ల కింద నేల మెత్తబడినట్టు అనిపించింది, అంతే. ఆ తర్వాతే అన్ని చప్పుళ్లూ.

పదమూడు మందిలో ఇద్దరు మిగిలారు. మెలాసీని మూడో రోజున ఓక్ కొమ్మల మధ్య చూసి దించారు. తుంటి ఎముక విరిగింది. పడవలో న్యూ ఆర్లీన్స్ తీసుకెళ్లి సిస్టర్ల ఆసుపత్రిలో పడుకోబెట్టారు. దిబ్బకు తిరిగొచ్చేసరికి మూడు నెలలు. అప్పటికి శవాలను పూడ్చడమూ అయిపోయింది, కథ చెప్పడమూ అయిపోయింది.

ఆ కథ చెప్పినవాడు ఒక్తావ్. రెండో మెట్టు దగ్గరే తను కొట్టమన్నాడట. ద్రోజాన్ తాగి ఉన్నాడట. చేతులు వణికి గొడ్డలి జారి నీళ్లలో పడిపోయిందట. "పోయినవాణ్ణి ఏమని లాభం" అని కళ్లు తుడుచుకున్నాడట కూడా. అప్పటి ఫాదర్ గుడిలో ఉన్న మృతుల పుస్తకంలో ద్రోజాన్ పేరు పక్కన ఆ ముక్క రాసేశాడు: గొడ్డలి పట్టినవాడి చేతకానితనం వల్ల పదకొండు మంది పోయారు.

మెలాసీ ఇంటింటికీ వెళ్లి జరిగింది చెప్పింది. "ఏడు తల్లీ, ఏడిస్తే తగ్గుతుంది" అన్నారు. "తలకు దెబ్బ తగిలిందట కదా" అన్నారు, ఆమె వినేలాగే. తగిలింది తుంటికి. దిబ్బ మీద అందరి రొయ్యలూ కొనేది ఒక్తావ్ ఒక్కడే. ఆ సంగతి ఎవరూ అనలేదు.

ఆమె తిరిగొచ్చిన ఏడాది నవంబరులో సమాధులకు సున్నం కొట్టే రోజున, ఆ ఇంట్లోనే కొడుకును పోగొట్టుకున్న ఒకామె వచ్చి ద్రోజాన్ సమాధి మీద ఉమ్మింది. మెలాసీ దాన్ని గౌను అంచుతో తుడిచి, ఆ చోట రెండు పూతలు సున్నం ఎక్కువ వేసింది.

ఒక్తావ్ అదే చోట మునుపటికంటే పెద్ద ఇల్లు కట్టించాడు. నేల తోమడానికీ వంటకీ మనిషి కావలసి వచ్చి, మెలాసీకి కబురు పెట్టాడు. ఊరంతా అతని దయను మెచ్చుకుంది. ఆమె ఒప్పుకున్నందుకు ఆమెను ఇంకా మెచ్చుకుంది. పగ ఉన్నవాళ్లు దూరంగా ఉంటారని ఊరి లెక్క.

చంపాలనుకుంటే ఎప్పుడో చంపేసి ఉండేది. కాఫీ కాచేది ఆమే. ఎలకల మందు ఎక్కడుంటుందో ఆమెకే తెలుసు. ఆ గాలివాననాడు ఊళ్లో లేని అతని భార్య కూడా కొన్నేళ్లకు పోయాక, అతని గదిలోకి వెళ్లేది ఆమె ఒక్కతే. కానీ వాడు చస్తే ఆ అబద్ధం చావదు, ఇంకా గట్టిపడుతుంది. ఆమెకు కావలసింది వాడి ప్రాణం కాదు, వాడి నోరు.

ఏడాదికొకసారి, గొడ్డలి దించే రోజున, కాఫీ ఇస్తూ అడిగేది.

"ముస్యే, ఈ ఏడాదైనా నిజం చెబుతారా?"

మొదటిసారి అడిగినప్పుడు ఒక్తావ్ ఉలిక్కిపడ్డాడు. రెండో ఏడు కసిరాడు. ఆ తర్వాత అలవాటైపోయింది. "చెప్పిందే కదా నిజం. చక్కెర తక్కువైంది చూడు" అనేవాడు. ఆమె ఇంకో చెంచా వేసి కలిపేది. అలా ఇరవై సార్లు దాటింది.

ఆ మధ్య ఏళ్లలో చిన్నా చితకా గాలివానలు వచ్చాయి. నీళ్లు మొదటి మెట్టు దాటలేదు. వచ్చిన ప్రతిసారీ మెలాసీ వసారాలో నిలబడి మెట్ల వైపు చూసేది. నీళ్లు వెనక్కి వెళ్లిపోతుంటే పక్కింటివాళ్లు సిలువ గుర్తు వేసుకునేవాళ్లు. ఆమె లోపలికి వెళ్లిపోయేది.

1915 సెప్టెంబరు ఇరవై తొమ్మిది, బుధవారం. అల లేకుండానే నీళ్లు పెరిగాయి. గాలి ఉత్తరం నుంచి వీస్తున్నా సముద్రం వెనక్కి తగ్గలేదు. పీతలు ఓక్ చెట్ల మానులెక్కి కూర్చున్నాయి. ఆవులు చిత్తడి వదిలి దిబ్బ నడినెత్తికి వచ్చి తోకలు గాలికి పెట్టి నిలబడ్డాయి. తెల్లారకముందే మెలాసీ ఒక్తావ్ ఇంటికొచ్చింది. కుర్చీ వేసుకుని ఎక్కి, గుమ్మం మీది గొడ్డలి దించింది. వంటగది మూల ఇటుకపొడి పీపా ఉంది. దాన్లో గొడ్డలిని పిడితో సహా దూర్చి, పైన పొడి సర్ది, మూత పెట్టింది. ఇరవై ఏళ్లుగా ఆ పీపా అక్కడే ఉంది. దాన్లో ఆమె తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు.

అంతా అయ్యాక కాఫీ పెట్టింది.

పొద్దెక్కేసరికి జనం రావడం మొదలైంది. పల్లపు ఇళ్లవాళ్లు, ముసలివాళ్లు, మూటలు, ఒక మేక. అందరికంటే చివర రొయ్యల పడవ ప్లాసిద్ వచ్చాడు, తడిసి ముద్దయి. వెనకాల అతని భార్య ఎలోదీ, దుప్పట్లో చుట్టిన పసిపిల్లతో.

"ఏం పిన్నీ, బుధవారం పూట వచ్చావేంటి? నేల తోమడం శనివారం కదా?" అన్నాడు ప్లాసిద్.

"ఇవాళ సముద్రం తోముతుంది" అంది మెలాసీ.

"అయితే కూలి సముద్రానికే ఇస్తారా ముస్యే?" అని ఒక్తావ్ వైపు తిరిగి నవ్వాడు. "మా ఆవిడ గాలికి ఎగిరిపోతుందేమోనని దారంతా ఆశగా చూశాను. లాభం లేదు, నిలబడింది."

"నోరు మూసుకుని ఆ గొళ్లెం పెట్టు. పిల్ల ఇప్పుడే కళ్లు మూసింది" అంది ఎలోదీ.

ఒక్తావ్ కిటికీ దగ్గర పడకకుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్లు. చేతికర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేడు గానీ మాట మాత్రం గట్టిది. "తడి బూట్లతో నేల మీద తిరక్కండయ్యా, వాటిని ఆ మూల విప్పండి" అన్నాడు. విప్పారు. పదిహేడు మంది బూట్లు గోడ వారగా వరసగా పెట్టారు.

మధ్యాహ్నానికి ఓక్ చెట్ల కొమ్మలు విరిగి వసారా మీద పడుతున్నాయి. వాన చూరు కింద నుంచి అడ్డంగా కొడుతోంది. వాకిలి లేదు, వీధి లేదు. గోధుమరంగు నీళ్లు, వాటి మీద కోళ్లగూళ్లు, పీపాలు, ఎవరిదో తలుపు. ఆ ఇంటికి ఐదు మెట్లు. మొదటిది మునిగిందెప్పుడో ఎవరూ చూడలేదు. రెండోది మునుగుతుంటే అందరూ చూశారు.

మూడో మెట్టు మీదికి నీళ్లు రాగానే ఒక్తావ్ కర్ర పట్టుకుని లేచాడు.

"కొట్టండి" అన్నాడు.

ఎవరూ అడగలేదు. ఈసారి మాట దానంతటదే వచ్చింది. ప్లాసిద్ గుమ్మం మీదికి చెయ్యి చాపాడు. అక్కడ మేకు ఒక్కటే ఉంది.

"గొడ్డలేదీ?"

"అక్కడే ఉంటుంది, సరిగా చూడు."

"లేదు ముస్యే. మేకుంది, గొడ్డలి లేదు."

మూటలు విప్పారు, మంచాల కింద చూశారు. ఇంకో గొడ్డలి ఎవరూ తెచ్చుకోలేదు. ఇంకొకరి ఇంటికి గొడ్డలి తీసుకెళ్లడం దిబ్బ మీద మర్యాద కాదు. మీ నేల నరకడానికి వచ్చాం అన్నట్టుంటుంది.

"వెతక్కు ప్లాసిద్" అంది మెలాసీ. వంటగది గుమ్మం పక్కన ఇటుకపొడి పీపా మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. "అది ఎక్కడుందో నాకు తెలుసు."

"హమ్మయ్య! ఎక్కడ పిన్నీ?"

"ఇంటాయన ఒక మాట చెప్పాలి. చెప్పాక ఇస్తాను."

"చెప్పారుగా! కొట్టమన్నారు, అందరం విన్నాం."

"ఆ మాట కాదు. ఇరవై రెండేళ్లు పాతది."

గదిలో ముందు అర్థమైంది ఒక్తావ్‌కే. కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "దీనికి మతి పోయింది. అప్పట్నుంచీ అంతే. పట్టుకుని అడగండి."

"ఒక్తావ్" అంది మెలాసీ. ఆ ఇంట్లో అతన్ని అలా పేరు పెట్టి పిలిచినవాళ్లు అతని భార్య పోయాక ఎవరూ లేరు. "ద్రోజాన్ నిన్ను ఎన్నిసార్లు అడిగాడు?"

"నువ్వెవరనుకుని మాట్లాడుతున్నావే?"

"ఎన్నిసార్లు?"

ప్లాసిద్ వంటగదిలోంచి కత్తి తెచ్చి పలకల సందులో గుచ్చాడు. సందు ఉంటే కదా. కత్తి మొన విరిగింది. ఇద్దరు మగాళ్లు బల్ల కాలు ఊడదీసి నేల మీద బాదారు. చేవదేరిన సైప్రస్. గీత కూడా పడలేదు. ప్లాసిద్ వచ్చి మెలాసీ భుజాలు పట్టుకుని కుదిపాడు.

"చిన్నపిల్లలున్నారు పిన్నీ! ఎక్కడ పెట్టావు? చెప్పు!"

"కొట్టు. కొడితే చెబుతాననుకుంటే కొట్టు."

అతని చెయ్యి లేచి, ఆగి, కిందికి దిగింది. గోడ వారగా కూర్చున్న ముసలామె ఎవరో జపమాల తిప్పడం ఆపి, "దయ్యం పట్టిందే నీకు, సాతాను ముండా!" అని అరిచింది. అప్పట్లో ద్రోజాన్ సమాధి మీద ఉమ్మింది ఆమే.

"నాలుగో మెట్టు!" అన్నారెవరో కిటికీ దగ్గర.

ఎలోదీ లేచి వచ్చింది. పసిపిల్లను తెచ్చి మెలాసీ ఒళ్లో పెట్టింది. పిల్ల మెలకువగానే ఉంది. గాలి హోరుకు బిత్తరపోయి, ఏడవకుండా పైకి చూస్తోంది.

మెలాసీ ఆ పిల్ల వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఎంతవరకు ఆగగలదో పొద్దున పీపా మూత పెట్టినప్పుడు ఆమెకు తెలియదు, ఇప్పుడూ తెలియదు. తన చేతులు ఆ పిల్ల కాళ్ల మీద దుప్పటి సర్దుతున్నాయి. నోరు మాత్రం వేరే మాట అంది.

"దీన్ని నాకెందుకిస్తావు ఎలోదీ? అతనికివ్వు. అప్పుడు నా బుడ్డోడు కూడా ఇంతే ఉన్నాడు. అతనికి ఇవ్వు, పట్టుకుని చెబుతాడు."

ఎలోదీ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, పిల్లను తీసుకుంది. వెళ్లి ఒక్తావ్ ముందు నిలబడింది.

"చెప్పండి" అంది.

"ఏం చెప్పాలమ్మా? అయిపోయిన..."

"ఏదో ఒకటి! ఆవిడ అడిగింది చెప్పండి!"

ఇంటి మూల ఒకటి కదిలింది. అందరి కాళ్లకూ తెలిసింది. బూట్ల వరసలో చివరి బూటు పక్కకు ఒరిగింది. ఒక్తావ్ దాన్ని చూశాడు. ఇది ఏమిటో ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

"నేను... కాస్త ఆలస్యం చేశాను" అన్నాడు.

"కాస్త అంటే?"

"గాలి తిరుగుతుందనుకున్నాను."

"ద్రోజాన్ ఎన్నిసార్లు అడిగాడు?"

"మూడు" అన్నాడు ఒక్తావ్. ఆ మాట గోడ వారగా కూర్చున్నవాళ్ల దాకా రాలేదు.

"నాకు వినపడింది. వాళ్లకు వినపడాలి."

"మూడుసార్లు అడిగాడు!" ఒక్తావ్ అరిచాడు. కర్ర కింద పడింది, కుర్చీ వీపు పట్టుకున్నాడు. "మూడుసార్లూ నేనే వద్దన్నాను. కొత్త నేల. పలక మీద నిలబడ్డాను. చాలా?"

"తాగి ఉన్నాడా?"

"లేదు."

"గొడ్డలి జారిందా?"

"లేదు. చేతిలోనే ఉంది. ఆఖరి దాకా చేతిలోనే ఉంది వాడికి." అంతటితో ఆగలేదు ఒక్తావ్. మొదలైంది కాబట్టి ఇక ఆపలేకపోయినట్టు, "వాడు నా మాట కోసమే చూస్తున్నాడు. ఇల్లు లేచాక కూడా నా వైపే చూశాడు" అన్నాడు.

ఈ చివరి ముక్క మెలాసీ అడగలేదు. ఆమెకు తెలియదు కూడా. అప్పుడు, ఇల్లు లేచిన నిమిషంలో, ఆమె తన పిల్లల వైపు చూస్తోంది.

లేచి పీపా మూత తీసింది. చేతులు మోచేతుల దాకా ఎర్రపొడిలో ముంచి గొడ్డలి పైకి లాగింది. ప్లాసిద్ చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. వంటగది గుమ్మానికి మూడడుగుల ఇవతలికి నడిచి, కాలితో ఒక పలకను తట్టి, వంగి కొట్టింది. యాభై ఏళ్ల మనిషి, విరిగి అతికిన తుంటి. అయినా మూడో దెబ్బకు పలక చీలింది. అప్పుడు గొడ్డలి ప్లాసిద్ చేతిలో పెట్టి, "ఇక్కణ్ణుంచి కిటికీ వైపు నరుక్కుపో. అటు దూలం లేదు" అంది.

నీళ్లు ఊటలా కాదు, గండి పడినట్టు పైకి లేచాయి. ఇన్నేళ్ల ఇటుకపొడి పలకల అడుగునా సందుల్లోనా పేరుకుని ఉందేమో, వచ్చిన నీళ్లు ఎర్రగా వచ్చాయి. చీలమండలు, మోకాళ్లు, నడుము. ఇల్లు ఒకసారి మూలిగి, పక్కకు ఒరిగి, దిమ్మల మీద కూర్చుంది. పిల్లల్నీ ముసలివాళ్లనీ అటక ఎక్కించారు. ఒక్తావ్‌ను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. మెలాసీ ఎక్కుతుంటే మాత్రం ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. తనే ఎక్కింది.

సాయంకాలానికి గాలి తిరిగింది. ఆ దిబ్బ మీద నలభై ఇళ్లుంటే తొమ్మిది మిగిలాయి. ఒక్తావ్ ఇంట్లో పదిహేడు మందీ, ఇంటాయనా, మెలాసీ, మేక, అందరూ బతికారు.

ఆ తర్వాత దిబ్బ మీద మెలాసీతో మర్యాదగానే మాట్లాడేవాళ్లు, అవసరమున్నంత వరకు. ప్లాసిద్ కనపడితే "ఏం పిన్నీ" అనేవాడు గానీ వెనకాల వేళాకోళం ఉండేది కాదు. ఎలోదీ ఎదురుపడితే పిల్లను రెండో చంకకు మార్చుకునేది. ఆ నవంబరులో సున్నం బకెట్టు పట్టుకుని మెలాసీ వెళ్లేసరికి ద్రోజాన్ సమాధికి అప్పటికే ఎవరో తెల్లగా పూత వేసి ఉన్నారు. జపమాల ముసలామె రెండు వరసల అవతల వీపు తిప్పి కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా సున్నం. మెలాసీ పలకరించలేదు. ఆమె వేసిన పూత మీదే తన పూత వేసింది.

ఒక్తావ్ ఇంటికి మళ్లీ తోమడానికి వెళ్లలేదు. అతను ఒకసారి కబురు పెడితే వెళ్లి వసారాలో నిలబడింది. లోపల నేల మీద కన్నం అలాగే ఉంది, పైన ఒక తలుపురెక్క పరిచారు.

"నీళ్లు ఏ మెట్టు దగ్గరున్నాయో నువ్వూ చూస్తూనే ఉన్నావు కదే" అన్నాడు ముసలాయన.

"చూశాను."

"పిల్లలున్నారు."

"ఉన్నారు. అప్పుడూ ఉన్నారు." అని, "ఇంకేమైనా ఉందా? నాకు పనుంది" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మెట్లు దిగి వచ్చేసింది. ఐదు మెట్లు.

ఆ పని గుడిలో. కొత్త ఫాదర్ కొర్మియే గాలివానకు ముందే మృతుల పుస్తకాన్ని రేకుపెట్టెలో పెట్టి పడవలో పంపించేశాడు. అది క్షేమంగా తిరిగొచ్చింది. మెలాసీకి చదువు రాదు గానీ ద్రోజాన్ పేరు ఏ పుట మధ్యలో ఉందో తెలుసు. వేలు పెట్టి చూపించింది.

"ఇది సమాధుల పుస్తకం మెలాసీ, కోర్టు కాదు" అన్నాడు ఫాదర్ నెమ్మదిగా. "అందరికీ తెలిసిందిగా, చాలదా?"

"అప్పుడు రాసినాయనకు ఇది కోర్టు కాదని తెలియలేదా ఫాదర్?"

ఆయన పెన్ను సిరాలో ముంచి పాత వాక్యం కొట్టేశాడు. పక్కన సందులో సన్నగా రాశాడు. రాసింది పైకి చదవమంది. చదివాడు: గొడ్డలి ఇతని చేతిలోనే ఉంది, ఇంటి యజమాని మూడుసార్లు మాట నిరాకరించాడు, ఆ యజమానే స్వయంగా ఒప్పుకున్నాడు.

"ఇంకోసారి చదవండి."

ఇంకోసారి చదివాడు. మెలాసీ కళ్లు ఆ సిరా మీదే ఉన్నాయి. ఆరేదాకా చూసింది. ఫాదర్ పుస్తకం మూయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. గోళ్లలో ఇటుకపొడి ఎరుపు ఇంకా పోలేదు.

"కింద ఇంకో ముక్క రాయండి. రెండో గాలివానలో గొడ్డలి దాచింది ఇతని భార్య మెలాసీ అని. నాలుగో మెట్టు దాకా ఇవ్వలేదని."

"అదెందుకు ఇప్పుడు?"

"నేను పోయాక ఎవరో ఒకరు చెబుతారు కదా ఫాదర్. వాళ్లకు నచ్చినట్టు చెబుతారు." చెయ్యి తీసింది. "నా నోటి మాటగానే రాయండి."